రియో కార్నివాల్‌లో వేషం కట్టి నడిచాను: తొమ్మిది రోజుల లెక్క

బూట్లతో మొదలుపెడతాను. రియో డి జనీరో కార్నివాల్‌లో వేషం కొనుక్కుని ఊరేగింపులో నడవాలనుకునేవాళ్లు ముందుగా బ్రెజిల్ చెప్పుల కొలత తెలుసుకోవాలి. మన 8 నంబరు యూరప్ లెక్కలో 42, బ్రెజిల్ లెక్కలో 40. ఫారంలో నేను 42 అని రాసి పంపాను. 2025 మార్చి 1 రాత్రి చేతికొచ్చిన బంగారు రంగు బూట్లలో కాలు పెడితే ముందు రెండు వేళ్ల మేర ఖాళీ. రెండు జతల మేజోళ్లు తొడిగి, ముందు దూది కుక్కి, చీలమండ చుట్టూ టేపు బిగిస్తే గానీ అవి కాలికి నిలవలేదు. కొలతలన్నీ సెంటీమీటర్లలో రాసి పంపండి. తల చుట్టుకొలతతో సహా. టోపీ వదులైతే బూట్ల కంటే పెద్ద తిప్పలు.

ఇక వరసలో చెబుతాను.

సాంబా స్కూల్ అంటే చదువుకునే బడి కాదు. పేటకో మేళం అనుకోండి, ఏడాదంతా ఒక్క రాత్రి కోసం పనిచేసే మేళం. ఈ ఊరేగింపు స్కూళ్ల మధ్య పోటీ, పెద్ద విభాగంలో 12 స్కూళ్లున్నాయి. ఒక్కోదానిలో రెండు వేలకు పైగా మనుషులు నడుస్తారు. వాళ్లు దళాలుగా ఉంటారు, ఒక్కో దళాన్ని 'ఆలా' అంటారు. కొన్ని ఆలాలు ఆ పేటవాళ్లకే, ఉచితం. కొన్నిట్లో బయటివాళ్లకి వేషం అమ్ముతారు. అక్టోబరులో ఇలాంటి ఒక ఆలా పెద్దకి వాట్సాప్‌లో రాస్తే వేషం బొమ్మ, ధర, ఫారం వచ్చాయి. బ్రెజిల్ డబ్బులో 1,300 రియాళ్లు. అప్పటి లెక్కన రియాల్‌కి 15 రూపాయలు వేసుకుంటే పంతొమ్మిదిన్నర వేలు. ఏజెంట్ల దగ్గర ఇదే సరుకు ఒకటిన్నర రెట్లు పలికింది. మంచి చోట కూర్చుని చూసే టికెట్‌కి కూడా దాదాపు ఇంతే అడిగారు. అందుకే నా మాట: డబ్బు ఒక్కదానికే సరిపోతుందనుకుంటే సీటు వదిలేసి వేషమే కొనండి.

డబ్బు పంపడం దగ్గర మొదటి ముడి పడింది. అక్కడ అందరూ పిక్స్ అనే చెల్లింపు వాడతారు, మన యూపీఐ లాంటిది. దానికి బ్రెజిల్ బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకి వాళ్ల పన్ను నంబరు కావాలి. బ్యాంకు ద్వారా సగం ముందే పంపి, మిగతా సగం చేతికిస్తానని ఒప్పించేసరికి రెండు వారాలు పట్టింది. రసీదు ఫొటో దాచుకోండి, వేషం తీసుకునేటప్పుడు అడుగుతారు.

వీసాకి 19 రోజులు పట్టింది. దానికంటే ముఖ్యమైంది ఎల్లో ఫీవర్ టీకా. రియోలో దిగేటప్పుడు ఎవరూ అడగలేదు. అడిగేది తిరిగొచ్చేటప్పుడు, మన దగ్గరే. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. పాస్‌పోర్ట్ వెంట తీసుకెళ్లాలి. పసుపు కార్డు మీద పేరు, పాస్‌పోర్ట్ నంబరు సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి. టీకా వేసుకున్న పదో రోజు నుంచి కార్డు చెల్లుతుంది, తర్వాత జీవితాంతం పనికొస్తుంది. నేను జనవరిలోనే వేయించుకున్నాను. ప్రయాణం వారంలో పెట్టుకుని పరుగెత్తితే లాభం లేదు.

గది సెప్టెంబరులోనే పట్టాను, కతేతే పేటలో. కార్నివాల్ రోజుల్లో ఐదు రాత్రులకు తక్కువ ఇవ్వరు, రేటు మామూలు రోజులకి మూడింతలు. సముద్రం పక్కనే కావాలని కోపకబానాలో తీసుకుంటే ఇంకా ఎక్కువ. నా సలహా, బీచ్ కంటే మెట్రోకి దగ్గరగా ఉండండి. వీధి ఊరేగింపుల వల్ల బస్సుల దారులు గంటగంటకీ మారిపోతాయి, కార్లు కదలవు. మెట్రో మాత్రం ఆ రోజుల్లో రాత్రీపగలూ నడుస్తుంది. గేటు దగ్గర మన కాంటాక్ట్‌లెస్ కార్డు తాకిస్తే చాలు. టికెట్ అప్పుడు 7.50 రియాళ్లు.

ఫిబ్రవరి 26, శివరాత్రి నాడు తెల్లవారుజామున హైదరాబాద్‌లో ఎక్కితే దుబాయ్ మీదుగా అదే రోజు సాయంత్రం రియోలో దిగాను. మనకీ వాళ్లకీ ఎనిమిదిన్నర గంటల తేడా. ఎలాగూ జాగారమే అయింది. రెండు వారాల ముందే, ఫిబ్రవరి 12న, రామోస్ పేటలో వేషాలు కుట్టే ఒక కార్ఖానా కాలిపోయింది. రెండో విభాగంలోని మూడు స్కూళ్ల వేషాలు బూడిదయ్యాయి. దాంతో ఊళ్లో కుట్టుపని తెలిసినవాళ్లందరి మీదా ఒత్తిడి పెరిగిందని ఆలా పెద్ద ముందే రాసింది. ఆవిడ అరవై దాటిన మనిషి. అందరూ 'చియా' అంటారు, మనం పిన్నిగారూ అన్నట్టు. గురువారం ఇస్తానన్న వేషం శనివారానికి జరిగింది. ఇది మామూలేనట. ఈకలు, అద్దాలు చివర్లో అతికిస్తారు, జిగురు ఆరకుండా మడిస్తే ఊడిపోతాయి. కాబట్టి ఊరేగింపుకి కనీసం నాలుగు రోజుల ముందు ఊళ్లో ఉండండి. ముందురోజు దిగి వేషం వేద్దామనుకునేవాళ్లకి గుండెదడ తప్పదు.

ఈ ఖాళీ రోజుల్లో చేయాల్సిన పని ఒకటుంది, పాట కంఠతా పట్టడం. ప్రతి స్కూల్‌కీ ఆ ఏటికో కొత్త పాట ఉంటుంది. నడిచే ప్రతి మనిషీ పాడాలి. జడ్జీలు మార్కులేసే తొమ్మిది అంశాల్లో ఒకటి ఇదే, పాడేవాళ్ల గొంతూ నడకా మేళంతో కలుస్తున్నాయా లేదా అన్నది. పెదవులు కదపకుండా నవ్వుతూ నడిచే విదేశీయులంటే వాళ్లకి ఒళ్లు మంట. నేను పాటని తెలుగులో రాసుకున్నాను. చెబితే నమ్మరు, ఇంగ్లిష్ అక్షరాల్లో కుదరనిది తెలుగులో చక్కగా కుదిరింది. పోర్చుగీసులో ముక్కుతో పలికే శబ్దాలెక్కువ. వాటికి మనం బళ్లో వదిలేసిన అరసున్న ఉంది కదా. కొరసాఁవ్ అంటే గుండె, నాఁవ్ అంటే కాదు. ఇంకో సంగతి, అక్కడివాళ్లు మాట మొదట్లో 'ర'ని 'హ'లా పలుకుతారు. రియో వాళ్ల నోట 'హీయు' అవుతుంది. మొదటి రెండు రోజులు ఆ ఊరి పేరే నాకు అర్థం కాలేదు.

28 ఉదయం క్రీస్తు విగ్రహం. 710 మీటర్ల కోర్కోవాదో కొండ మీద 30 మీటర్ల విగ్రహం, 1931లో నిలబెట్టారు. పైకి రెండు దారులు: కోజ్మి వెల్యో నుంచి పళ్లచక్రాల రైలు, లేదా లార్గో దో మషాదో కూడలి నుంచి వ్యాన్. కతేతే నుంచి ఆ కూడలి ఒక్క మెట్రో స్టేషన్ దూరం కాబట్టి నేను వ్యాన్ ఎక్కాను. ఇక్కడ ఒక చిక్కుంది. టికెట్‌కి సమయం కట్టేస్తారు, కార్నివాల్ వారంలో ముందే అయిపోతాయి కాబట్టి ముందే కొనాలి. ఆ సమయానికి విగ్రహం మబ్బులో ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు. నేను పైకెళ్లిన తొలి ఇరవై నిమిషాలు విగ్రహం పీఠం మాత్రమే కనిపించింది. చాలామంది విసుగెత్తి దిగిపోయారు. దిగకండి. గాలికి మబ్బు విడిపోతుంది. ముందు ఒక చెయ్యి, తర్వాత గడ్డం, ఆ తర్వాత మొత్తం బయటపడింది. దగ్గర్నుంచి చూస్తే ఒళ్లంతా చిన్న చిన్న మూడు మూలల సబ్బురాయి పలకలు, అరచేతిలో ఇమిడేవి. దూరం నుంచి కనిపించే నున్నదనమంతా వాటిదే.

మార్చి 1 శనివారం ఉదయం బోలా ప్రేతా. వీధి ఊరేగింపులని బ్లోకోలంటారు. వీటికి టికెట్ లేదు. 1918లో పుట్టిన ఈ బ్లోకో ఊరి నడిబొడ్డున సాగుతుంది, తెల్లబట్టల మీద నల్లచుక్కలు దీని గుర్తు. ఉదయం ఎనిమిదికి వెళ్తే ఊపిరాడింది. పదిన్నరకి చేతులు పైకెత్తితే కిందికి దించే చోటు లేదు. జేబులు కొట్టేది అప్పుడే. పాంటు లోపల కట్టుకునే పలచటి నడుం సంచిని 'దోలేయ్‌రా' అంటారు, వీధిలోనే పాతిక రియాళ్లకి దొరుకుతుంది. ఫోను, ఒక కార్డు, పాస్‌పోర్ట్ నకలు అందులో. పై జేబులో ఇరవై, ముప్పై రియాళ్ల చిల్లర చాలు. కార్డు మెషీన్‌తో జరిగే మోసం కూడా తెలుసుకోండి. మెషీన్ తెర పగిలిపోయిందని చెప్పి, కనిపించని చోట సున్నా ఒకటి ఎక్కువేస్తారు. నీళ్లసీసా కొనబోయిన నాకు అలాంటి మెషీనే అందించారు. తెర చూపించమంటే వాడు జనంలో కలిసిపోయాడు. అంకె కళ్లతో చూడకుండా కార్డు తాకించొద్దు. ఇక మరుగుదొడ్లు: ప్లాస్టిక్ డబ్బాలు వరసగా పెడతారు, తొమ్మిది దాటాక వాటి దగ్గర అరగంట వరస. గోడ వారన కానిచ్చేస్తే జరిమానా. నీళ్లు గుక్కగుక్కగా తాగడం తప్ప వేరే దారి నాకు దొరకలేదు.

ఆ రాత్రే వేషం వచ్చింది. ఉత్తరాన ఒక పేటలో కారు షెడ్డు. లోపల వందకి పైగా పెద్ద నల్ల సంచులు, చెత్త వేసే సంచులే, ఒక్కోదాని మీద టేపుతో పేరు. నా పేరు రెండక్షరాలు తప్పి ఉంది. సంచిలో నడుం కింది భాగం, పైచొక్కా, మణికట్టు పట్టీలు, కాలి పట్టీలు, టోపీ, బూట్లు. విడిగా వీపుకి కట్టే చట్రం. ఇనుప తీగ మీద ఫోమ్, దాని మీద ఈకలు, భుజాల మీద ఆనించుకోవాలి. ఎత్తుకుంటే ఏడాది పిల్లంత బరువు. అక్కడే అన్నీ తొడిగి చూసుకోండి. టోపీ గడ్డం కింది పట్టీ, చట్రం కొక్కేలు, ఈ రెండూ ముఖ్యం. నా చట్రానికి ఒక కొక్కెం వంగి ఉంటే చియా పక్కనే కూర్చున్న కుర్రాడు పట్టకారుతో ఒక్క నిమిషంలో సరిచేశాడు. అదే ఊరేగింపు మొదలయ్యే చోట వంగితే సరిచేసే నాథుడు ఉండడు. టాక్సీ డిక్కీలో చట్రం పట్టలేదు. వెనక సీటంతా దానిదే, నేను ముందు కూర్చున్నాను.

మార్చి 2 ఆదివారం రాత్రి ప్రేక్షకుడిగా వెళ్లాను. నడిచే ముందు ఒకసారి చూడటం మంచిదే, అక్కడ ఏం జరుగుతుందో అర్థమవుతుంది. స్కూళ్ల ఊరేగింపు జరిగే సాంబోద్రోము అంటే మైదానం కాదు. రెండు వైపులా సిమెంటు మెట్లున్న, ఏడు వందల మీటర్ల వీధి. 1984లో ఆస్కార్ నీమేయర్ గీసిన నమూనాతో కట్టారు. ఒకవైపు సరి సంఖ్యల సెక్టార్లు, ఇంకోవైపు బేసి. సరి వైపుకి ప్రాసా ఓంజి స్టేషన్‌లో, బేసి వైపుకి సెంట్రల్ స్టేషన్‌లో దిగాలి. తప్పు స్టేషన్‌లో దిగితే అడ్డంగా దాటే వీలుండదు, అరగంట చుట్టు తిరగాలి. నాది పదో సెక్టార్. మెట్ల మీద నంబర్లుండవు, ముందొచ్చినవాళ్లదే చోటు. ఏడింటికి వెళ్తే మధ్య వరస దొరికింది. ఊరేగింపు పదింటికి మొదలై, నాలుగు స్కూళ్లయ్యేసరికి తెల్లవారుజాము నాలుగు కావొచ్చింది. 2025లోనే మొదటిసారి రెండు రాత్రుల పని మూడు రాత్రులకి పంచారు, స్కూల్‌కి 80 నిమిషాల దాకా ఇచ్చారు. కూర్చోడానికి మెత్త తప్పనిసరి. సిమెంటు పగలంతా తాగిన ఎండని రాత్రంతా కక్కుతుంది.

పదో సెక్టార్‌కి ఎదురుగా గోడలో ఒక సందు ఉంటుంది. రెండు మూడు వందల మంది డప్పులవాళ్లు నడిచి వచ్చి, వాయిస్తూనే ఒక్కసారిగా పక్కకి తిరిగి ఆ సందులో దూరిపోతారు. మిగతా స్కూల్ వాళ్ల ముందు నుంచి సాగిపోతుంది, చివర్న మళ్లీ బయటికొచ్చి కలుస్తారు. అంతమంది మలుపు తిరుగుతుంటే ఒక్క దెబ్బ కూడా తప్పదు. పెద్ద సుర్దో డోలు దెబ్బ చెవికంటే ముందు రొమ్ముకి తగులుతుంది. బోనాల డప్పు ఇష్టపడేవాళ్లు ఈ ఒక్క దృశ్యం కోసమే ఆ సెక్టార్ వెతుక్కోవచ్చు.

మార్చి 3 సోమవారం, నా రాత్రి. మా స్కూల్ వంతు అర్ధరాత్రి దాటాక, మమ్మల్ని రమ్మన్నది తొమ్మిదిన్నరకి. జమయ్యే చోటు ప్రెసిడెంట్ వర్గాస్ రోడ్డు. అక్కడా రెండు వైపులున్నాయి. ఒకటి పోస్టాఫీసు భవనం వైపు, రెండోది 'ఊగుతుంది కానీ పడదు' అని ఊరివాళ్లు ముద్దుపేరు పెట్టిన భవనం వైపు. స్కూళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఇటూ అటూ చేరతాయి. మనది ఏ వైపో ముందే సందేశం వస్తుంది, దాన్ని తెర ఫొటో తీసి ఉంచుకోండి. అంత జనంలో నెట్ అందదు. మెట్రోలో నడుం కింది భాగం మాత్రం తొడుక్కుని, మిగతావి సంచిలో పట్టుకుని వెళ్లాను. పెట్టెలో సగం మంది అలాగే ఉన్నారు. ఒకాయన తలకి చేప, ఒకావిడ రెక్కలు. ఎవరూ ఎవర్నీ వింతగా చూడలేదు.

తర్వాత మూడు గంటలు ఎదురుచూపు. ఈ మూడు గంటల గురించి ఎవరూ చెప్పరు. రోడ్డు మీదే కూర్చోవాలి. చట్రం కట్టుకున్నాక కూర్చోలేం కాబట్టి అది ఆఖర్న. రెండు వారాల కిందటే 44 డిగ్రీలు చూసిన ఊరు, రాత్రి కూడా ఉక్క. మరుగుదొడ్డి పని చట్రం కట్టకముందే ముగించాలి. అందుకని పదకొండు తర్వాత నీళ్లు తగ్గించాను. అది తప్పు, చివర్లో కళ్లు తిరిగినంత పనైంది. ఉప్పు, చక్కెర కలిపిన ఓఆర్ఎస్ పొట్లాలు రెండు ఇంటి నుంచే తెచ్చుకోండి. ఇంకొకటి, మన తుండుగుడ్డ. నాలుగు మడతలేసి భుజానికీ చట్రం తీగకీ మధ్య పెట్టుకున్నాను. నా పక్కనున్న జర్మన్ కుర్రాడికి ఊరేగింపు అయ్యేసరికి భుజాల మీద రెండు ఎర్రటి చారలు తేలాయి, తోలు లేచింది.

పన్నెండు దాటాక తనిఖీ. తెల్లచొక్కాల పెద్దలు వరస వరసా తిరుగుతారు. చేతి గడియారం తీయమన్నారు, నల్ల కళ్లద్దాలు తీయమన్నారు. ఒకమ్మాయి సొంత తెల్లబూట్లు వేసుకొస్తే గొడవ పెట్టారు, ఒక్కరి వేషం తేడా వచ్చినా స్కూల్‌కే మార్కు పోతుంది. నా టేపు కట్టు కనబడకుండా కాలి పట్టీ కిందికి లాగాను. మేం ఐదుగురం వరసకి. రెండు మాటలే పదేపదే చెప్పారు: పాడండి, ఖాళీ వదలకండి. ముందు వరసకీ మన వరసకీ మధ్య ఖాళీ పడితే మార్కు పోతుంది. ఖాళీ పడిందని పరుగెత్తినా పోతుంది. మొత్తం 80 నిమిషాలు మించితే నిమిషానికి పదో వంతు పాయింటు కోత.

బాణాసంచా పేలింది, మేళం అందుకుంది. అయినా మేం కదలడానికి ఇంకో ఇరవై నిమిషాలు. లోపల మలుపు తిరగగానే వెలుతురు కళ్లలో కొట్టింది, రెండు వైపులా మనుషుల గోడలు. నేర్చుకున్న పాటలో రెండో చరణం మొత్తం ఎగిరిపోయింది. పల్లవి మాత్రం నిలిచింది. చుట్టూ అందరూ పాడుతుంటే నాలుగో సారికి చరణం దానంతటదే నోట్లోకొచ్చింది. నడక ఏకధాటిగా సాగదు. ముందు దళం జడ్జీల గది ముందు ఆగితే వెనక అందరం నిలబడి అక్కడే ఆడాలి. 80 నిమిషాలు స్కూల్‌వి, ఒక మనిషికి దక్కేది దాదాపు 40. సగం దాటాక కుడి బూటు టేపు తెగింది. కాలు ఎత్తకుండా నేలకి రాస్తూ నడిచాను. కాలు రాస్తున్నాడని పెద్దాయన ఒకరు అరిచారు, పాదం చూపిస్తే తల ఊపి వదిలేశారు.

చివర్న ఎత్తైన సిమెంటు కమాను. అది దాటగానే అంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. చప్పట్లు లేవు, లైట్లు తక్కువ. వెనకొచ్చేవాళ్లకి దారి ఇవ్వమని తోస్తారు. నీళ్లు అమ్మేవాళ్లు వంద గజాల అవతల. కంచె పక్కన వేషాల గుట్టలు, చాలామంది అక్కడే విప్పి పడేస్తారు. ఈకలు ఏరుకునేవాళ్లు సంచులతో నిలబడి, ఇస్తారా అని మర్యాదగా అడుగుతారు. నేను చట్రం ఇచ్చేశాను, టోపీ ఉంచుకున్నాను. వెనక నారింజ రంగు బట్టల్లో ఊడ్చేవాళ్లు వచ్చేస్తున్నారు. తర్వాతి స్కూల్ వచ్చేలోగా ఏడు వందల మీటర్లూ శుభ్రం చేస్తారు. టాక్సీ కోసం నిలబడటం దండగ. బయటి వీధుల్లో జనంతో కలిసి పాతిక నిమిషాలు నడిస్తే మెట్రో. తేలికపాటి చెప్పులు నడుం సంచికి కట్టుకుని వచ్చినవాళ్లని చూసి అసూయ కలిగింది.

4వ తేదీ మధ్యాహ్నం దాకా నిద్ర, సాయంత్రం షుగర్‌లోఫ్ కొండ. రెండు అంచెల రోప్‌వే, మొదట ఉర్కా కొండ, అక్కడి నుంచి 396 మీటర్ల శిఖరం. అప్పుడు దాదాపు 200 రియాళ్లు. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు కింద వరసలో ఉండాలి. దిగేటప్పుడు వరస ఎక్కేటప్పటి కంటే పొడుగు.

తిండి గురించి ఒక్క మాట. తూకం హోటళ్లు వెతుక్కోండి. పళ్లెంలో కావలసినవి పెట్టుకుని కాటాలో పెడతారు, గ్రాముల లెక్కన డబ్బు. శాకాహారులు నల్ల చిక్కుడు గింజల కూరలో పంది ముక్క ఉందేమో అడగాలి. వేయించిన కర్రపెండలం ఎక్కడైనా దొరుకుతుంది. బీచ్‌లో అమ్మే గాలి లాంటి రింగు బిస్కెట్లు కూడా ఆ దుంప పిండివే.

5న బుధవారం మధ్యాహ్నం మార్కులు చదివారు. ఒక్కో అంశానికీ ఒక్కో జడ్జీ వేసిన అంకెని మైకులో చదువుతుంటే మా వీధి చివర బారులో జనం కాఫీ చల్లారిపోయినా తాగలేదు. తొమ్మిదీ దశాంశం తొమ్మిది అంటే శాపనార్థాలు, పది అంటే కేకలు. బెయ్‌జా ఫ్లోర్ అనే స్కూల్ గెలిచింది, పదిహేనో సారి. మా ఆలా ఉన్న వరసలో ఎంత కోశారో తెలుసుకోవాలని చూశాను గానీ దళాలవారీగా చెప్పరు.

6వ తేదీ ఉదయం రంగు పలకలు అతికించిన సెలరాన్ మెట్లు, 215. తొమ్మిదిలోపు వెళ్తే పలకలు కనిపిస్తాయి, తర్వాత ఫొటోలకి నిలబడ్డవాళ్ల వీపులే కనిపిస్తాయి. ఆ రాత్రి బయల్దేరాను. టోపీ విమానం పై అరలో పట్టదని గది ఊడ్చే ఆవిడకి ఇచ్చేశాను, వాళ్ల మనవరాలికట. హైదరాబాద్‌లో దిగగానే ఇమిగ్రేషన్‌కి ముందే ఆరోగ్య శాఖ బల్ల దగ్గర ఆపి, పసుపు కార్డు తీసి పాస్‌పోర్ట్‌తో అక్షరం అక్షరం సరిచూశారు. కార్డు లేనివాళ్లని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. నా ముందున్నాయన కార్డు చెక్ ఇన్ పెట్టెలో పెట్టానని చెప్పి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.